ముక్కు గాలి వైపు

క్లాక్స్‌విక్ రేవులో వాన అడ్డంగా కురుస్తోంది.
ఈ దీవుల్లో వాన పైనుంచి పడటం అరుదు.
కొనడానికి వచ్చిన అన్నాచెల్లెళ్ళు, బ్రాండుర్, సున్‌వా,
నా షెడ్డు చూరు కింద నిలబడ్డారు.
అమ్మే హానుస్ మాత్రం తడుస్తూ బండి పక్కనే,
పరీక్ష హాలు బయట తండ్రిలా.

నా పేరు మార్యున్. ఇరవై రెండేళ్ళుగా
పరాయివాళ్ళ బళ్ళ కింద వెల్లకిలా పడుకుని
నిజం వెతకడం నా బతుకుతెరువు.
వినండి మరి.

చిన్న స్టేషన్ వ్యాగన్. వాననీటి రంగు.
వయసు పదకొండు. లక్షా నలభై వేల కిలోమీటర్లు.
ఇంత బుల్లి దీవుల్లో అంత దూరమంటే
ఒకే దారిని ఎన్ని మడతలు పెట్టి తొక్కాడో
మీరే లెక్కేసుకోండి.

ఇంకో దేశంలో అయితే ఇంజను ముందు చూస్తారేమో.
ఇక్కడ ముందు తలుపుల బందులు చూడాలి.
గాలికి వీపు పెట్టి బండి ఆపి
తలుపు తీసినవాడి తొందరంతా అక్కడ రాసుంటుంది.
కుడి తలుపు బుద్ధిగా మూసుకుంది.
డ్రైవరు వైపుది మూసుకునే ముందు ఒక మూలుగు మూలిగింది.
ఒక్కసారే జరిగింది, ఏ శీతకాలమో.
మళ్ళీ ఆ తప్పు చేసిన జాడ లేదు.

మెరుపు చూసి మురిసిపోకండి.
పైన పటారం, లోన లొటారం అన్నది
ఉప్పుగాలి ఊళ్ళలో సామెత కాదు, జబ్బు పేరు.
సుత్తి పిడితో గుమ్మం పట్టీ పొడుగునా తట్టుకుంటూ పోయాను.
ఠంగ్. ఠంగ్. ఠంగ్.
వెనక చక్రం దగ్గర థప్.
అరచేయంత తుప్పు. రెండు రోజుల వెల్డింగు,
మూడు వేల క్రోనాలు.
ధరలో తగ్గించమని అడగండి, మొహమాటపడకండి.
హానుస్ వింటున్నాడని నాకు తెలుసు.

ఇంజను ఇంత చలిలోనూ
మొదటి పిలుపుకే పలికింది.
పొమ్మనలేక పొగబెట్టే రకం కాదు.
గొట్టం మూతికి తెల్ల గుడ్డ అడ్డంపెట్టి చూశాను,
ఆ గుడ్డతోనే ఇప్పుడు కళ్ళజోడు తుడుచుకుంటున్నాను.
సముద్రం అడుగున సొరంగంలోకి దిగి, ఎక్కి వచ్చాను.
ఎక్కేటప్పుడు మూడో గేరులో కాస్త ఆయాసం.
అది నాకూ ఉంది. లోపమని రాయలేదు.

ఇక వెనక భాగం. అసలు మీరు వచ్చిందే దీనికోసం.
సీట్లు మడిస్తే నేల చాపలా పరుచుకుంటుంది,
టేపు నూట అరవై ఎనిమిది సెంటీమీటర్లు చెప్పింది.
సున్‌వా, నీ సెల్లో పెట్టె ఐమూలగా పడుతుంది.
బ్రాండుర్, నీ పొట్టేలు నిలబడే వస్తుంది, కొమ్ములు తగలవు.
రెండూ ఒకే రోజు మాత్రం వద్దు.

"కొమ్ములు తగలవంటున్నావు,
మరి కప్పుకి లోపలివైపు ఈ సొట్ట ఎవరిది?"
పిల్ల కళ్ళు చురుకు.
నిజమే, నేను చూడలేదు.
తడిసిన టోపీ తీసి హానుస్ నెత్తి చూపించాడు.
"తెల్లారుజాము పడవ కోసం ఇందులోనే పడుకున్నాను.
హారన్ మోగితే లేచాను, లేవకూడనంత ఎత్తుకి."

నవ్వాక బేరం సగం అయిపోతుంది.
నాలుగు వేలు తగ్గించాడు, నేను చెప్పిన దానికన్నా వెయ్యి ఎక్కువే.
తాళం చెవి ఇస్తూ మాత్రం వదల్లేదు,
రెండు చేతులూ దానిమీదే ఉన్నాయి కాసేపు.
"ఎక్కడ ఆపినా ముక్కు గాలి వైపు ఉండాలి.
వినపడిందా? ముక్కు."

నా కాగితంలో ఆ మాటకి గడి లేదు.
షరా అన్నచోట జాగా అయిపోయింది,
అంచు మీద నిలువుగా రాశాను.

వాళ్ళు వెళ్ళారు. చేపల గోదాము మలుపులో
ఎందుకో బండి ఆపారు.
నేనూ, హానుసూ
ఒకరికొకరు చెప్పుకోకుండానే
వానలోకి మెడలు సాచాం,
ముక్కు ఎటుందో చూద్దామని.